మార్లవాయి అతిథులు

ఫ్రెంచి భాషలో ‘ఓ పేర్’ అని ఒక మాట ఉన్నది. సమాన స్థాయిలో అని దాని భావం. పరదేశపు యువతి ఒకతె ఒక కుటుంబంలో చేరి, ఆ ఇంటి పిల్లలను చూచుకొంటూ, ఆ ఇంటి భాష నేర్చుకొంటూ, ఇంటివారితో ఒకే బల్లపై భోజనం చేస్తూ కొంతకాలం గడపే ఆచారానికి ఐరోపాలో ఆ పేరు స్థిరపడినది. ఆమె పనికత్తె కాదు, చుట్టమూ కాదు. రెండింటికీ నడుమ ఉన్న సన్నని గట్టు మీద నడుస్తూ ఉంటుంది. ఆ గట్టు ఎంత సన్ననిదో తెలిసినందువల్లనే కాబోలు, 1969లో ఐరోపా మండలి దేశాలు స్ట్రాస్‌బర్గు నగరంలో దీనికొక ఒప్పందం వ్రాసుకొన్నవి. వయస్సు 17 నుండి 30 ఏండ్ల లోపు. రోజుకు 5 గంటలకు మించి ఇంటిపని చెప్పరాదు. వారానికి ఒక పూర్తి దినం విశ్రాంతి. వీలైనంతవరకు ప్రత్యేకమైన గది. చేతి ఖర్చులకు కొంత పైకం. భాష నేర్చుకొనుటకు తీరిక. అమెరికాలో 1986 నుండి నడుస్తున్న ఇట్టి పథకంలో పని వారానికి 45 గంటల వరకు ఉండవచ్చును. అక్కడికి వెళ్లిన మన తెలుగు కుటుంబాలలో ఈ పని ఎక్కువగా అమ్మమ్మల మీదనో నాయనమ్మల మీదనో పడుతుంది. ఆరునెలల వీసాపై విమానమెక్కి పోయే ఆ వృద్ధురాలికి ఏ ఒప్పందమూ లేదు, వారానికొక సెలవూ లేదు. ఆ సంగతి అట్లుండనిండు.

ఆతిథ్యాన్ని గంటలలోను, గదులలోను కొలువవలసి వచ్చినదంటే, కొలువకుంటే జరిగేదేమిటో వారికి అనుభవంలోనికి వచ్చి ఉండవలె. పరాయి మనిషి గడప లోపలికి వచ్చినప్పుడు సమానత్వం దానంతట అది నిలువదు. వచ్చినవారు బలహీనులైతే సేవకులౌతారు, బలవంతులైతే యజమానులౌతారు. ఈ చిక్కు ఐరోపా ఇండ్లకు మాత్రమే పరిమితమైనది కాదు. స్ట్రాస్‌బర్గు ఒప్పందానికి దాదాపు మూడు దశాబ్దాల ముందే ఆదిలాబాదు అడవులలో, జైనూరు చేరువనున్న మార్లవాయి అనే గోండు గూడెం ఎదుట ఇదే ప్రశ్న వచ్చి నిలిచినది. అక్కడ వచ్చినవారు ఐరోపావారు. తలుపు తెరువవలసినవారు గోండులు. వచ్చిన దంపతులు పిల్లలను ఆడించుటకు రాలేదన్నది నిజమే. కాని భాష నేర్చుకొనుటకు, ఆ ఇంటి తీరు తెలుసుకొనుటకు, ఆ ఊరిలోనే ఉండి బ్రతుకుటకు వచ్చినారు.

క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1909లో వియన్నాలో జన్మించినాడు. మానవశాస్త్రంలో డాక్టరు పట్టం పొంది, లండనులో మలినోవ్‌స్కీ పండితుని గోష్ఠులలో పాల్గొని, 1936లో నాగాల కొండలకు పోయి కొన్యాక్ నాగాల నడుమ నివసించినాడు. 1938లో బెట్టీ బర్నార్డో అనే ఆంగ్ల వనితను వివాహమాడినాడు. ఆ సంవత్సరమే హిట్లరు ఆస్ట్రియాను జర్మనీలో కలుపుకొన్నాడు. దానితో హైమెన్‌డార్ఫ్ ప్రమేయం లేకుండానే ఆయన జేబులోనికి జర్మనీ పాసుపోర్టు వచ్చి చేరినది. 1939లో దంపతులు భారతదేశానికి వచ్చిన కొలది కాలానికే ప్రపంచయుద్ధం మొదలైనది. జర్మనీ పాసుపోర్టు గలవాడు ఆంగ్ల ప్రభుత్వానికి శత్రుదేశీయుడు. నిన్నటి వరకు కలిసి భోజనం చేసిన ఆంగ్ల అధికారులే ఎంతో మర్యాదతో, క్షమాపణలు చెప్పుకొంటూ ఆయనను నిర్బంధించి, నిజాం రాజ్యం ఎల్లలు దాటరాదని కట్టడి చేసినారు. ఇంటికి తిరిగి పోయే దారి లేదు. పోదామన్నా ఆ ఇల్లు ఇప్పుడు మరొకరి రాజ్యంలో ఉన్నది.

కట్టడి చేసినవారు ఆయనకు చేసిన మేలు ఎంతటిదో వారికే తెలియదు. హైదరాబాదు రాజ్యంలో నిర్బంధమంటే నల్లమల నుండి ప్రాణహిత దాకా అడవులన్నీ ఆయనకు తెరిచి ఉన్నట్లే. 1940లో అమ్రాబాదు పీఠభూమి మీద చెంచుల నడుమ ఉండి, పిమ్మట గోదావరి కొండలలో కొండరెడ్ల వద్ద ఉండి, ఆ దంపతులు ఉత్తరాన ఆదిలాబాదు జిల్లా గోండుల వద్దకు చేరుకొన్నారు.

వారు వచ్చిన కాలమెట్టిదో గుర్తు చేసుకొనవలె. జోడేఘాట్ కొండలలో కుమ్రం భీము నిజాం పోలీసుల తుపాకులకు బలి అయినది 1940లో. అడవికి హద్దురాళ్లు పాతి, తరతరాలుగా దున్నుకొన్న పోళ్లను రక్షితారణ్యమని ప్రకటించి, గుడిసెలు తగులబెట్టి గోండులను వెళ్లగొట్టిన రోజులవి. ఊరికి వచ్చే పరాయివాడంటే అటవీ జవాను, పట్వారీ, వడ్డీ వ్యాపారి. ఈ ముగ్గురిలో ఎవరు వచ్చినా ఇంటిలోనిది ఏదో ఒకటి పోవలసిందే. కోడి పోవచ్చు, ధాన్యం పోవచ్చు, చివరకు భూమే పోవచ్చు. నెత్తురు ఇంకా ఆరని ఆ ప్రాంతంలోనికి సర్కారు అనుమతితో ఒక తెల్ల దొర వచ్చి, మీ ఊరిలో ఉంటానన్నాడు. మార్లవాయి పెద్ద లచ్చు పటేల్ ఏమని ఉండవలె?

ఉండుమన్నాడు. సర్కారు మాటకు ఎదురు చెప్పలేక అన్నాడని కొట్టివేయవచ్చును. అందులో కొంత నిజమూ ఉండవచ్చును. కాని భయంతో ఇచ్చిన విడిది కొన్ని వారాలకు మించి సాగదు. ఊరంతా ఏకమై నోరు మూసుకొన్నచో ఎంతటి పండితుడైనా ఖాళీ పుస్తకంతో తిరిగి పోవలసినదే. మార్లవాయి నోరు మూసుకొనలేదు. 1948లో లండనులో అచ్చయిన ‘ఆదిలాబాదు రాజగోండులు’ గ్రంథం, అందులోని పురాణకథలు, దేవతల కొలుపులు, వంశచరిత్రలు అందుకు సాక్ష్యం. ఆ గ్రంథం అట్ట మీద భర్త పేరుతోబాటు, సహకర్తగా, బెట్టీ పేరు కూడ ఉన్నది.

గోండులకు అతిథి మర్యాద కొత్తది కాదు. వారికది ఒక పెద్ద పండుగ. దీపావళికి ముందు దండారి దళాలు బయలుదేరి ఊరి నుండి ఊరికి పోతవి. ఒంటికి బూడిద పూసుకొని, తలలపై నెమలి ఈకల కిరీటాలు ధరించిన గుస్సాడీలు ముందు నడువగా, డప్పులు, తుడుములు మ్రోగుతుండగా పొరుగూరి పొలిమేర చేరుతారు. ఆ ఊరివారు ఎదురేగి రాంరాం చెప్పి, కాళ్లకు నీళ్లిచ్చి, ఊరిలోనికి తోడ్కొని వచ్చి, దళమంతటికీ భోజనం పెట్టి, రాత్రికి చోటు చూపుతారు. ఆటపాటలతో తెల్లవారుతుంది. పెండ్లి మాటలు అక్కడే పుట్టుట కూడ కద్దు. మరొక నాడు ఆతిథ్యమిచ్చిన ఊరే దళం కట్టి వెళ్లుతుంది. అప్పుడు వీరు కాళ్లకు నీళ్లిచ్చేవారౌతారు. ఈ ఏడు మనం అతిథులం, పై ఏడు మీరు. సమానత్వానికి వారు పెట్టుకొన్న కొలమానం ఇదే. గంటలు లేవు, గదులు లేవు, వంతులు మాత్రం ఉన్నవి.

అయితే ఈ మర్యాదకు ఒక లెక్క కూడ ఉన్నది. గోండు సమాజం నాలుగు, అయిదు, ఆరు, ఏడు దేవుళ్ల వారని నాలుగు ‘సగా’లుగా విభజింపబడి ఉన్నది. కొత్తవాని దేవుళ్ల సంఖ్య తెలిసినచో వాడు అన్నదమ్ముడో, వియ్యమందదగిన బంధువో తేలిపోతుంది. సంఖ్య ఒకటైతే సోదరులు. వేరైతే పిల్లనిచ్చి పుచ్చుకొనదగినవారు. దానిని బట్టి వావి, వరుస, పరిహాసం, గౌరవం అన్నీ నిర్ణయమౌతవి. వియన్నా నుండి వచ్చిన మనిషికి దేవుళ్ల సంఖ్య లేదు. వరుస లేని మనిషిని ఇంటిలో ఎక్కడ కూర్చుండబెట్టవలె? మన తెలుగు గ్రామాలలో కూడ ఇట్టి ఇబ్బంది తెలిసినదే; పేరు పెట్టి పిలువరాదు, వరుస పెట్టి పిలుచుటకు వరుస లేదు.

ఈ ఇబ్బందిని తీర్చినది చాలవరకు బెట్టీ అని చెప్పవలసి ఉన్నది. మానవశాస్త్ర చరిత్రలు ఈ సంగతిని మాటవరుసకు చెప్పి ముందుకు సాగుతవి. గుర్రంపై ఒంటరిగా వచ్చినవాడు అధికారి. భార్యతో వచ్చి, గోండుల ఇండ్ల వంటి మట్టిగోడల గడ్డి ఇంటిలో పొయ్యి వెలిగించినవాడు కాపురానికి వచ్చినవాడు. కాపురమంటే ఏమిటో గోండు స్త్రీకి ఎవరూ చెప్పనక్కరలేదు. నీళ్లకు పోయే దారి, జొన్నలు విసిరే వేళ, వానకు కారే కప్పు ఇవి ఇరుగు పొరుగు ఆడవారిని కలిపే విషయాలు. బెట్టీ మానవశాస్త్ర విభాగంలో పట్టం పుచ్చుకొని రాలేదు; భర్త వెంట వచ్చి ఆ విద్యను ఆ వాకిళ్లలోనే నేర్చుకొన్నది. ‘ఓ పేర్’గా పోయే యువతి చేసేది కూడ ఇదే గదా! తేడా ఒక్కటే. ఆ యువతికి వారానికొక సెలవుదినం ఉన్నది. మార్లవాయిలో సెలవు ఎవరు ఎవరి నుండి తీసుకొనవలె?

భాష సంగతి చెప్పక తప్పదు. గోండి ద్రావిడ భాష. భద్రిరాజు కృష్ణమూర్తి వంటి పండితులు తెలుగును, గోండిని, కువిని, కొండ భాషను ఒకే ఉపశాఖలో చేర్చినారు. అనగా అది తెలుగుకు దూరపు చుట్టం కాదు, తోబుట్టువు. ఆ తోబుట్టువు మన ఇంటి వెనుక వాకిట వేల ఏండ్లుగా మాటాడుతుండగా, తెలుగు పండిత లోకం ప్రబంధాల వ్యాఖ్యానంలో మునిగి ఉండి, తల త్రిప్పి చూడలేదు. పలుకరించినవారు ఒక ఆస్ట్రియా దేశీయుడు, ఒక ఆంగ్ల వనిత, పిమ్మట ‘ఆదిలాబాదు గోండుల నడుమ’ అనే పుస్తకం వ్రాసిన మరాఠీ చరిత్రకారుడు, నిజాం ప్రభుత్వోద్యోగి సేతుమాధవరావు పగడి. తెలుగు ఆచార్యులకు ఇది కొంత సిగ్గు కలిగించవలసిన సంగతే.

ఊరు పెట్టిన అన్నానికి అతిథి ఏమిచ్చినాడు? 1943లో మార్లవాయిలోనే గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం వెలసినది. గోండి భాషలో, దేవనాగరి లిపిలో వాచకాలు సిద్ధమైనవి. అంతవరకు కాగితమన్నది గోండులకు శత్రువు; దానిపై ఏమున్నదో తెలియక వేలిముద్ర వేసి భూమి పోగొట్టుకొన్నవారెందరో! ఆ కాగితం మీద తొలిసారిగా వారి మాట కనబడినది. అక్కడ చదువుకొన్నవారిలో కొందరు గూడెం బడులలో ఉపాధ్యాయులైనారు. మరి కొందరు సర్కారు కొలువులలో చేరినారు. 1945లో నిజాం ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్‌ను గిరిజనుల వ్యవహారాలకు సలహాదారుగా నియమించినది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి కూడ లభించినది. ఫసలీ 1356లో, అనగా 1946లో, గిరిజన ప్రాంతాల చట్టం వచ్చినది. ఆ దశకం ముగియులోగా ఆదిలాబాదు జిల్లాలో లక్ష ఎకరాలకు మించిన భూమికి గిరిజనుల పేర పట్టాలైనవి.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది, దానిని దాటవేయరాదు. సలహాదారు పదవి వచ్చిన నాటి నుండి ఆయన సమానుడు కాడు. ఊరికి వచ్చినప్పుడు నిర్బంధితుడు. సొంత దేశం లేనివాడు. ఊరు చోటివ్వకుంటే దిక్కు లేనివాడు. నాలుగేండ్లు తిరిగేసరికి ఆయన సంతకంతో భూములు దక్కుతున్నవి. తిరుగుబాటు మళ్లీ తలెత్తకుండా గోండులను చల్లబరుచుట నిజాం సర్కారుకు అవసరం. ఆ అవసరానికి ఈయన విద్య ఉపకరించినది. విమర్శకులు ఈ మాట అన్నారు, అనవలసినదే. భీము ప్రాణమిచ్చి అడిగినదాన్ని సర్కారు ఈ దొర చేతి మీదుగా కొంత ఇచ్చినదని చెప్పుటే న్యాయం. దొర లేకున్నా భీము ఉన్నాడు. భీము లేకుంటే దొర మాట వినే చెవి హైదరాబాదులో ఉండేది కాదు.

అయినను, అధికారం చేతికి వచ్చిన అతిథులు సాధారణంగా చేసే పని ఒకటున్నది. ఆ పని ఆయన చేయలేదు. ఒక్క ఎకరం తన పేర వ్రాయించుకొనలేదు. ఆయన తరువాత వచ్చినవారి కథ వేరు.

1949లో హైమెన్‌డార్ఫ్ లండను విశ్వవిద్యాలయంలోని ప్రాచ్య, ఆఫ్రికా విద్యాలయానికి వెళ్లినాడు. 1953లో నేపాళం చేరి షెర్పాల నడుమ పరిశోధన సాగించినాడు. 1976లో విశ్రాంతి పుచ్చుకొని దంపతులు మళ్లీ ఆదిలాబాదు దారి పట్టినారు. అప్పటికి రోడ్లు వచ్చినవి. రోడ్ల వెంట పత్తి వచ్చినది, దుకాణాలు వచ్చినవి, వడ్డీ చిట్టాలు వచ్చినవి. మైదానాల నుండి, మరాఠా దేశం నుండి వచ్చినవారు మొదట చెట్టు క్రింద బండి విప్పుకొనుటకు చోటడిగినారు. గోండులు తమ అలవాటు చొప్పున కాదనలేదు. పిదప ఒక పంటకు కౌలు అడిగినారు, అదీ కాదనలేదు. కొన్నేండ్లకు చూచుకొంటే భూమి బండివానిది, కూలి గోండుది. అతిథులు వచ్చినారు గాని, వంతు మాత్రం తిరిగి రాలేదు. వచ్చినవారిలో తిండికి లేక వచ్చిన పేదలూ ఉన్నారు. వారినందరినీ ఒకే గాటను కట్టుట తగదు. కాని భూమి పోయినవాడికి ఆ తేడా ఏమి ఓదార్పు? గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోరాదని 1959లో చేసిన నిబంధన, దానిని మరింత బిగించిన 1970 నాటి సవరణ పుస్తకాలలో ఉండనే ఉన్నవి. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి కొరకు సభకు చేరిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపినారు. జోడేఘాట్‌కు ఇంద్రవెల్లికి నడుమ నాలుగు దశాబ్దాలు గడచినవి. అడిగినది మాత్రం అదే.

మరుసటి ఏడు, 1982లో, హైమెన్‌డార్ఫ్ ‘భారతదేశపు గిరిజనులు: మనుగడ కొరకు పోరాటం’ అనే గ్రంథం ప్రకటించినాడు. పేరులోనే ఆయన మనస్తాపం తెలుస్తుంది. 1940లలో తాను చూచిన గూడేలను మళ్లీ చూచి, ఎవరి భూమి ఎట్లు పోయినదో వివరించినాడు. శాస్త్రజ్ఞుడు పక్షం వహింపరాదని విశ్వవిద్యాలయాలలో చెప్పుకొంటారు. అన్నం పెట్టిన ఇల్లు కూలుతుంటే కొలతలు తీసుకొని పోయేవాడిని మాత్రం ఏ ఊరూ రెండవసారి రానీయదు. ఆయన శిష్యుడు మైఖేల్ యార్క్ కూడ అదే గోండు దేశంలో నివసించి, ఆ గ్రంథంలో ఒక భాగం వ్రాసినాడు. నాడు ఆ దంపతులు తీసిన వేలాది ఛాయాచిత్రాలు, దినచర్య పుస్తకాలు నేడు లండను విద్యాలయ భాండాగారంలో ఉన్నవి. మార్లవాయి తాతల ముఖాలను అక్కడ భద్రపరచినారు. ఆ ముఖాలు చూడదలచిన మనుమలకు లండను ఎంత దూరమో ఆలోచింపదగినది.

1987 జనవరి 11న బెట్టీ హైదరాబాదులో కన్నుమూసినది. ఆమెను మార్లవాయికి తెచ్చి అక్కడి మట్టిలో సమాధి చేసినారు. అతిథికి చోటిచ్చుట ఒక ఎత్తు. శవానికి చోటిచ్చుట మరొక ఎత్తు. రాత్రికి పడక ఇచ్చిన ఊరు తెల్లవారి తిరిగి తీసుకొనవచ్చును. సమాధికిచ్చిన నేలను ఎన్నటికీ తిరిగి తీసుకొనలేదు. గోండులలో చనిపోయినవారు కులదేవతను చేరి ఇంటివారిని కాపాడుతారని నమ్మకం. ఊరి నేలలో ఎవరున్నారన్నది వారికి చిన్న సంగతి కాదు. దేవుళ్ల సంఖ్య లేని ఆ స్త్రీకి వరుస దొరికినదో లేదో చెప్పలేము గాని, చోటు దొరికినది. హైమెన్‌డార్ఫ్ 1995 జూన్‌లో లండనులో మరణించినాడు. తరువాతి కాలంలో ఆయన చితాభస్మం కూడ మార్లవాయికి వచ్చి, భార్య సమాధి ప్రక్కనే చేరినది.

ఈ ఊరి పేరు ఇటీవల మరొక కారణం చేత దేశానికి వినబడినది. గుస్సాడీ నృత్య గురువు కనక రాజు ఈ మార్లవాయివాడే. 2021లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. 2024 అక్టోబరులో, సరిగా దండారి దళాలు నెమలి ఈకలు సవరించుకొనే రోజులలో, ఆయన పరమపదించినాడు. ఆ దళాలు నేటికీ ఊరూరా తిరుగుతున్నవి. పొలిమేరలలో కాళ్లకు నీళ్లిచ్చేవారు నేటికీ ఉన్నారు.

హైమెన్‌డార్ఫ్ పోయిన జూన్ నెలలో మార్లవాయిలో ఎవరికీ తీరిక ఉండదు. మృగశిర కార్తె ప్రవేశించి, తొలకరి పడి, ఊరంతా విత్తనాల పనిలో పొలాలలో ఉంటుంది. దంపతులిద్దరి వర్ధంతిని బెట్టీ పోయిన జనవరి 11ననే జరుపుతారు. ఆ ఉదయం గూడేల నుండి గోండులు, ఉట్నూరు నుండి అధికారులు వచ్చి చేరుతారు. సమాధుల వద్ద గోండు సంప్రదాయం ప్రకారం పూజ జరుగుతుంది.